నాన్న బకిల్స్: అన్నయ్య చెప్పే ధరా, బావగారు చెప్పే తూకమా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దని కోరారు. వాళ్ళ నాన్నగారు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు. 1974 నుంచి 1978 దాకా అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. తిరిగొచ్చేటప్పుడు పుస్తకాలతో పాటు, కౌబాయ్‌లు పెట్టుకునే పెద్ద పెద్ద బెల్టు బకిల్స్ కొన్ని తెచ్చుకున్నారు. ఆ తర్వాత డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పాత సామాన్ల సంతల్లో తిరిగి ఇంకొన్ని చేర్చారు. మొత్తం 23. ఆయన పోయి ఏడాది దాటింది. పాత పంచె ముక్కల్లో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టిన ఆ బకిల్స్ ఇప్పుడు ఈ పాఠకురాలి దగ్గరున్నాయి.

సంవత్సరీకం రోజు అందరి ముందూ డబ్బా తెరవడంతో గొడవ మొదలైంది. వాటిలో గుర్రబ్బండి బొమ్మ, ఒకప్పుడు గుర్రబ్బండ్లు నడిపిన అమెరికన్ కంపెనీ వెల్స్ ఫార్గో పేరు ఉన్న ఇత్తడి బకిల్ ఒకటుంది. వెనక న్యూయార్క్ నగల కంపెనీ టిఫనీ పేరు ఉంది. అన్నయ్య అక్కడికక్కడే ఫోన్‌లో వెతికి, ఇలాంటిది వేల డాలర్లు పలుకుతోందని, అన్నీ తనకు అప్పగిస్తే డాలస్‌లో అమ్మి డబ్బు పంచుతానని అన్నాడు. అక్క భర్త మాట వేరు. వెండి ధర ఇంతలా పెరిగినప్పుడు ఇంకా ఆలోచనెందుకు, అన్నీ కరిగించి మూడు వాటాలు వేద్దాం అన్నారు. అనడమే కాదు, డబ్బాను ఒక వెండి కొట్టుకు తీసుకెళ్ళి తూకం వేయించి రేటు కూడా అడిగొచ్చారు. ఆ సంగతి తెలిశాక అన్నయ్యకూ అక్కకూ మధ్య ఫోన్లు ఆగిపోయాయి. అమ్మ మాత్రం నాన్న రోజూ పెట్టుకున్న బకిల్‌ను ఎవరూ ముట్టుకోవద్దంటోంది. ఇంకో బకిల్ మీద ఎవరో అమెరికన్ పేరు, 1958, ఒక కౌంటీ రోడియోలో (అంటే జిల్లా స్థాయి కౌబాయ్ పోటీల్లో) కాఫ్ రోపింగ్ విజేత అని చెక్కి ఉంది. నాన్న అద్దెకున్న ఇంటి పెద్దాయన దాన్ని ఇచ్చాడని అమ్మకు లీలగా గుర్తు.

"వీటి విలువ అసలు ఎలా తెలుస్తుంది? ఒకరి మాట వింటే ఇంకొకరికి చెడ్డదాన్నవుతాను. ఆ పేరున్నది మనదేనా అన్న అనుమానం కూడా పీకుతోంది. టెన్షన్ భరించలేక డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

తాళం వేసి మంచి పని చేశారు. తాళం చెవి ఇంకొన్నాళ్ళు మీ దగ్గరే ఉండనివ్వండి. ఎవరడిగినా "జాబితా రాస్తున్నాను, పూర్తయ్యాక మాట్లాడుకుందాం" అనండి. అది తప్పించుకునే మాటేమీ కాదు. ముందు జరగాల్సిన పని నిజంగా అదే. మీ అన్నయ్య ఒక అంకె చెబుతున్నారు, మీ బావగారు ఇంకో అంకె చెబుతున్నారు. కానీ వాళ్ళలో ఒక్కరు కూడా ఆ 23 బకిల్స్‌ను ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి చూసినట్టు లేరు. మీరు పంపిన ఫోటోలు కూడా ఎక్కువగా ముందు వైపువే. బకిల్‌ను ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎప్పుడు చేశారు అన్నవి వెనక వైపే తెలుస్తాయి.

గొడవకు మూలమైన వెల్స్ ఫార్గో బకిల్ సంగతి ముందు తేల్చేద్దాం. అదృష్టం కొద్దీ దాని రెండు వైపులూ పంపారు. చూడగానే నూటయాభై ఏళ్ళ నాటి వస్తువులా ఉంది, అలా కనిపించాలనే దాన్ని తయారు చేశారు. 1960లలో, 70లలో ఇలాంటి బరువైన ఇత్తడి బకిల్స్ కుప్పలు తెప్పలుగా బజారులోకి వచ్చాయి. ముందు వైపు వెల్స్ ఫార్గో, కోకాకోలా లాంటి పెద్ద కంపెనీల పేర్లు, వెనక టిఫనీ న్యూయార్క్ అన్న ముద్ర. టిఫనీ వీటిని చేయలేదు. వెల్స్ ఫార్గో తన గుర్రబ్బండ్ల కాలంలో ఉద్యోగులకు ఇలాంటివి ఇవ్వనూ లేదు. వీటిని నకళ్ళు అనడానికి కూడా లేదు, నకలు అనాలంటే ఎక్కడో అసలు ఉండాలి కదా. కొనేవాళ్ళను నమ్మించడానికి వీటి చరిత్ర అంటూ ఒక దొంగ పుస్తకాన్ని కూడా అచ్చు వేసి వదిలారు! ఆ గుట్టును 1970లలోనే అమెరికాలో తెలిసినవాళ్ళు బయటపెట్టారు. అయినా తాతగారి పెట్టెలో దొరికిందంటూ ఇప్పటికీ ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు.

అసలు ఆ కాలపు పశువుల కాపర్లు ఇంత పెద్ద బకిల్స్ పెట్టుకున్నారా అంటే, చాలావరకు లేదు. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా వేసుకునే పట్టీలే ఎక్కువగా వాడారు. లీవైస్ జీన్స్‌కు బెల్టు దూర్చే లూపులు వచ్చిందే 1922లో. అరచేతి వెడల్పు బకిల్ పెట్టుకున్న కౌబాయ్ రూపాన్ని జనం మనసులో నాటింది హాలీవుడ్ సినిమాలు, ఆ తర్వాత రోడియో పోటీల బహుమతులు. కాబట్టి 1870 అని రాసి ఉన్న పెద్ద బకిల్ కనిపిస్తే ముందు అనుమానించాలి. ముందు వైపున్న సంవత్సరం చాలాసార్లు ఏదో సంఘటనకు గుర్తుగా వేసినదే తప్ప వస్తువు తయారైన ఏడాది కాదు. వెనక కాపీరైట్ గుర్తు పక్కన 1978 అని ఉంటే అదీ ఆ డిజైన్ పుట్టిన ఏడాదే. అదే అచ్చుతో ఆ తర్వాత చాన్నాళ్ళు పోసి ఉండవచ్చు.

ఇదంతా మీరు అన్నయ్యకు చెప్పొద్దు. చెల్లెలు చెబితే, అందులోనూ బావగారు పక్కనున్నప్పుడు చెబితే, ఆయనకు అది వాదనలా వినిపిస్తుంది. ఒక పని ఆయనకే అప్పగించండి: "అన్నయ్యా, ఈబే వెబ్‌సైట్‌లో అమ్మకం పూర్తయినవి మాత్రమే చూపించే వీలుంటుందట, మన 23కీ అలా చూసి ఒక్కో ధర రాసి పంపవా?" అనండి. ఆయన ఇప్పటిదాకా చూసింది అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర. ఎంత అడిగినా అడ్డుచెప్పేవాడు లేడు, ఏళ్ళ తరబడి అమ్ముడుపోకపోయినా ఆ అంకె అలాగే కనిపిస్తూ ఉంటుంది. చేతులు మారిన ధరలు స్వయంగా చూసుకుంటే వెల్స్ ఫార్గో మీద ఆశ దానంతట అదే దిగిపోతుంది, మీ మీద కోపం లేకుండా.

ఇక బావగారి తూకం. డబ్బా మొత్తాన్ని ఒకేసారి తూచి రేటు చెప్పిన కొట్టువాడి లెక్క నాకు అంతుపట్టలేదు. మీ ఫోటోల్లో సగానికి పైగా పసుపురంగు, గోధుమరంగు బకిల్స్ కనిపిస్తున్నాయి. అవి ఇత్తడి లేదా కంచు పోతవి. వాటిని కరిగిస్తే పాత ఇత్తడి సామాన్ల రేటు వస్తుంది, అంతే.

తెల్లగా మెరిసేవైనా అన్నీ వెండి కావు. వాయనాలకూ రిటర్న్ గిఫ్టులకూ మనం కొనే జర్మన్ సిల్వర్ గిన్నెలు తెలుసు కదా, వాటిలో ఉండేది రాగి, నికెల్, జింక్. వెండి రవ్వంత కూడా ఉండదు. కౌబాయ్ బకిల్స్‌లో వాడింది చాలావరకు ఆ లోహమే. మెక్సికోలో చేసినదాని మీద అల్పాకా అని ఉంటే అదీ ఇదే. వెనక స్టెర్లింగ్ అని ఒక్క మాటే ఉంటే 92.5 శాతం వెండి అని అర్థం, 925 అన్న అంకెకూ అదే అర్థం. అయితే స్టెర్లింగ్ ఫ్రంట్ అనో, స్టెర్లింగ్ ఆన్ నికెల్ అనో ఉంటే పైన రేకు మాత్రమే వెండి, కింద పలక జర్మన్ సిల్వర్. బకిల్ నూరు గ్రాములు తూగినా అందులో వెండి కొద్ది గ్రాములే ఉండొచ్చు. సిల్వర్ ప్లేట్ అంటే ఉత్త పూత. బంగారు రంగు బొమ్మలున్న బకిల్ వెనక 1/20, 12కే, జీఎఫ్ అని కనిపిస్తే అది బంగారు పొర తొడిగిన పని. ఆ తొడుగున్న భాగం బరువులో ఇరవయ్యో వంతు మాత్రమే 12 క్యారెట్ల బంగారం.

గుర్తులు అరిగిపోయినవాటికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. వస్తువుకు ఏ హానీ జరగదు. గ్రాములో పదోవంతు దాకా చూపించే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. ముందు బకిల్‌ను మామూలుగా తూచి బరువు రాసుకోండి. తర్వాత త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి అంకెను సున్నాకు తెచ్చి, బకిల్‌ను దారానికి కట్టి పూర్తిగా నీళ్ళలో మునిగేలా పట్టుకోండి. అడుగుకు గానీ అంచుకు గానీ తగలకూడదు. ఇప్పుడు త్రాసు చూపించే అంకెతో మొదటి బరువును భాగించండి. ఉదాహరణకు 62 గ్రాముల బకిల్‌కు నీళ్ళలో 6 వస్తే భాగఫలం 10.3. అది స్టెర్లింగ్ వెండి సాంద్రతకు సరిపోతుంది. అదే 62కు 7.2 వస్తే 8.6 దగ్గర ఆగుతుంది, అంటే జర్మన్ సిల్వరో ఇత్తడో. రాళ్ళు పొదిగినవాటికి, రెండు రేకులు అతికి మధ్యలో గాలి మిగిలినవాటికి ఈ లెక్క పనికిరాదు. రాళ్ళున్నవాటిని నీళ్ళలో అసలు ముంచొద్దు.

హాల్‌మార్కింగ్ సెంటర్లలో ఎక్స్‌రే మెషీన్ ఉంటుంది, అక్కడా చూపించవచ్చు. కాకపోతే అది పైపొరనే చదువుతుంది. మందంగా వెండి పూత ఉంటే దాన్నీ వెండి అనే చెబుతుంది. అందుకని వెనక వైపు, కొక్కెం అతికిన చోట, అంచుల మీద కూడా చూడమని అడగండి. గీటురాయి, యాసిడ్ మాత్రం వద్దు. ముందు వైపు ఒక్క గీత పడినా సేకరించేవాడి దృష్టిలో దాని ధర తగ్గిపోతుంది. అయస్కాంతం అతుక్కుంటే లోపల ఇనుముందని తెలుస్తుంది. అతుక్కోనంత మాత్రాన వెండి అనుకోవద్దు, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోదు.

ఇంకో మాట, ఇది తొందరగా చెప్పాలి. వాటిని తోమకండి. పండగకు వెండి సామాను తోమినట్టు చింతపండుతోనో విబూదితోనో పని మొదలుపెడతారేమోనని నా భయం. చెక్కుడు గీతల్లో నిలిచిన నల్లదనం వల్లే ఆ పని కంటికి కనిపిస్తుంది. పాతదనానికి అది సాక్ష్యం కూడా. మెత్తటి పొడిబట్టతో దుమ్ము తుడిస్తే చాలు. నీలం రాయి ఉన్న బకిల్‌కైతే పులుపు తగిలితే ఇంకా నష్టం, ఆ రాయి పీల్చుకునే రకం.

ఆ నీలం రాయి బకిల్ నాకు ఆసక్తిగా అనిపించింది. ఫోటోలో టర్కాయిస్‌లాగే ఉంది, పక్కన ఎర్రటి పగడం ముక్కలు. నైరుతి అమెరికాలో నవాహో, జూని తెగల కళాకారులు చేసే వెండి పని ఈ తరహాలో ఉంటుంది. నిజంగా వాళ్ళ చేతి పనే అయితే మీ డబ్బాలో వెండి బరువుకు మించి పలికేవాటిలో అది ముందుంటుంది. కానీ ఇందులోనూ మోసాలు చాలా ఎక్కువ. హౌలైట్ అనే తెల్లరాయికి నీలం రంగు వేసి టర్కాయిస్ అంటారు. ప్లాస్టిక్ దిమ్మెలను కోసి అతికించినవీ ఉంటాయి. స్థానిక తెగల పని కాని వస్తువును వాళ్ళ పనిగా చెప్పి అమ్మడం నేరమంటూ అమెరికాలో 1990లో చట్టం చేయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించండి. వెనక చిన్న అక్షరాలో, గుర్తో ఉంటే అది కళాకారుడి ముద్ర కావచ్చు. 1970లకు ముందు చేసినవాటిలో చాలావాటికి ముద్ర ఉండదు, కాబట్టి లేకపోయినంత మాత్రాన తీసిపారేయకూడదు. దీన్ని మాత్రం ఆ పని తెలిసినవాళ్ళే చేత్తో పట్టుకుని చూడాలి. అలాంటివాళ్ళు హైదరాబాద్‌లో దొరకడం కష్టం.

మీ అమ్మగారు ఎవరికీ ఇవ్వొద్దన్న బకిల్ ఫోటో చూడగానే గుర్తుపట్టాను. హెస్టన్ కంపెనీది. కాన్సాస్‌లోని హెస్టన్ ఊళ్ళో 1947లో మొదలైన వ్యవసాయ యంత్రాల కంపెనీ అది, గడ్డి కోసే, మోపులు కట్టే యంత్రాలకు పేరు. 1970ల మధ్య నుంచి నేషనల్ ఫైనల్స్ రోడియో పేరుతో ఏటా ఒక బకిల్ పోయించింది. ఆ రోజుల్లో ఈ పోటీలు ఓక్లహోమా సిటీలో జరిగేవి, 1985లో లాస్ వేగాస్‌కు మారాయి. రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడినప్పుడు చేయూతనిచ్చింది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీయే. అక్కడ చదివిన వ్యవసాయ శాస్త్రవేత్త నడుముకు హెస్టన్ బకిల్ కంటే తగినది ఇంకోటి ఉండదనిపిస్తుంది నాకు. బజారు ధర అడిగితే మాత్రం, వెనక లిమిటెడ్ ఎడిషన్ అని రాసి ఉన్నా లెక్కలేనన్ని చేశారు కాబట్టి, సాధారణంగా పాతిక డాలర్ల లోపే. ఈ ఒక్కదాన్ని ధర, వాటా, జాబితా అన్నిటి నుంచీ పక్కన పెట్టేయండి. అది అమ్మగారిది.

ఇత్తడి పోతవాటిలో బెర్గమాట్, బ్యారన్, గ్రేట్ అమెరికన్ బకిల్ లాంటి పేర్లు కనిపిస్తే అవన్నీ 1970ల నుంచి వచ్చిన ఫ్యాక్టరీ సరుకు. వెనకున్న అంకె డిజైన్ నంబరే, మీ బకిల్ ఎన్నోదో చెప్పే నంబరు కాదు. ట్రక్కులు, ట్రాక్టర్లు, బీరు కంపెనీల బొమ్మలున్నవాటికి ఆ బొమ్మ మీద మోజున్నవాడు దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయి. మోంటానా సిల్వర్‌స్మిత్స్ అని ఉన్న రెండూ 1973 తర్వాతివే అయి ఉండాలి, కంపెనీ పుట్టిందే అప్పుడు. చాలావరకు పూత పనే. హాలీవుడ్ తారలకు జీనులు చేసిన ఎడ్వర్డ్ బోలిన్ లాంటి వెండిపనివాళ్ళ ముద్ర ఎక్కడైనా కనిపిస్తే వెంటనే ఆగిపోండి, అది వేరే స్థాయి. మీ ఫోటోల్లో అయితే నాకు కనిపించలేదు.

ఇక ఆ పేరున్న బకిల్. కాఫ్ రోపింగ్ అంటే గుర్రం మీద వెంటపడి దూడకు తాడు వేసి, దిగి, దాని మూడు కాళ్ళు కట్టేసే పోటీ. అందులో గెలిచినవాడికి డబ్బుతో పాటు ఇలాంటి బకిల్ ఇస్తారు. డబ్బు ఖర్చయిపోతుంది కాబట్టి చాలామందికి బకిలే అసలు బహుమతి. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం అంత తేలికైన సంగతి కాదు. అలాగని ఎవరూ ఇవ్వరనీ కాదు. డబ్బు అవసరమై తాకట్టు పెట్టినవాళ్ళు, అమ్ముకున్నవాళ్ళు, ఇష్టమైనవాళ్ళకు ఇచ్చేసినవాళ్ళు అందరూ ఉన్నారు. అందువల్ల నాన్నగారి దగ్గర ఉన్నంత మాత్రాన మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు. అమ్మగారి జ్ఞాపకం నిజమైతే అది బహుమానం, చట్టం ప్రకారం నాన్నగారిదే.

దాని ధర మూడు విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది అందరికీ తెలిసిన పోటీయా, చిన్న ఊరి పోటీయా అన్నది. రెండోది గెలిచినవాడు తర్వాత పేరు తెచ్చుకున్నాడా లేదా అన్నది. మూడోది వెండి పని. 1958 బకిల్ కాబట్టి వెనక గానీ ముందు గానీ ఆర్‌సీఏ అక్షరాలున్నాయేమో చూడండి. రోడియో కౌబాయ్స్ అసోసియేషన్‌కు ఆ పేరు 1945 నుంచి 1975 దాకా ఉంది, తర్వాత ముందు ప్రొఫెషనల్ అన్న మాట చేరి పీఆర్‌సీఏ అయింది. 1958 బకిల్ మీద పీఆర్‌సీఏ అని ఉంటే మాత్రం అది ఆ ఏడాది చేసింది కాదు. అక్షరాలు చేత్తో చెక్కినవా, పోతలో వచ్చినవా అన్నది కూడా భూతద్దంతో చూడండి. చేత్తో చెక్కితే గీత అంచులు పదునుగా, లోతు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా ఉంటుంది.

చిన్న కౌంటీ పోటీ బకిల్ కాబట్టి బయటివాళ్ళకు దాని విలువ పెద్దగా ఉండకపోవచ్చు. ఆ ఇంటివాళ్ళకు మాత్రం వేరు. మీ ముందున్న దారులు ఇవి. ఏమీ చేయకుండా ఉంచేసుకోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు, మీ అనుమానం మాత్రం మిగిలే ఉంటుంది. ఆ కౌంటీ హిస్టారికల్ సొసైటీకి ఫోటోలతో మెయిల్ పెట్టి, ఈ పేరుగలవారి కుటుంబం ఇప్పుడు ఉందా అని అడగవచ్చు. కాన్సాస్‌లో పాత స్థానిక పత్రికలను భద్రపరచడం ఎక్కువ, రోడియో ఫలితాలు వాటిలో అచ్చయ్యేవి. కుటుంబం దొరికితే వాళ్ళు తిరిగి కోరుకోవచ్చు, కొంటామనవచ్చు, లేదా "మా తాత మీ నాన్నకు ఇష్టంగా ఇచ్చాడు, మీరే ఉంచుకోండి" అనవచ్చు. మొదటిది జరిగితే ఇవ్వడానికి ఇంట్లో అందరూ ఒప్పుకుంటారా అన్నది మెయిల్ పెట్టకముందే మాట్లాడుకోవాలి. ఆశ పెట్టి వెనక్కి తగ్గితే మీకే బాధ. అమ్మేయడం కూడా ఒక దారే, తప్పేమీ కాదు. కానీ అమ్మాక ఆ కుటుంబం గురించి తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. నన్నడిగితే ముందు మెయిల్ పెట్టమంటాను. ఆ మెయిల్‌లో బకిల్ బరువు, వెనక వైపు ఫోటో మాత్రం పంపకండి. అడిగినవాళ్ళు నిజంగా ఆ ఇంటివాళ్ళో కాదో తేల్చుకోవడానికి అవి మీ దగ్గరే ఉండాలి.

ఇప్పుడు వాటాల సంగతి. బావగారు మూడు వాటాలన్నారు. వీలునామా లేకపోతే నాన్నగారి సొంత సంపాదనలో హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భార్యకూ పిల్లలకూ సమాన వాటా. అంటే మీ ముగ్గురితో పాటు మీ అమ్మగారిది నాలుగోది. అందరూ ఆమె కోసమే మాట్లాడుతున్నట్టున్నారు, ఆమెను లెక్కలో వేసినవాళ్ళు మాత్రం లేరు. ఇది బావగారిని ఇరుకున పెట్టడానికి వాడకండి. అక్కతో విడిగా, "అమ్మ వాటా కూడా ఉంటుంది కదక్కా" అని నెమ్మదిగా అనండి. అక్క ఆయనకు చెప్పుకుంటుంది.

అన్నీ కరిగించేస్తే గొడవ తొందరగా తీరుతుంది. అయితే ఇత్తడివాటికి దాదాపు ఏమీ రాదు, వెండివాటికి తరుగు పోగా బరువు ధర వస్తుంది, టర్కాయిస్ బకిల్‌లో పని విలువంతా మంటలో పోతుంది. ఒకసారి కరిగించాక వెనక్కి తిరగలేం. డబ్బా మొత్తం డాలస్ పంపితే అమ్మకానికి అదే సరైన చోటు, కొనేవాళ్ళంతా అక్కడే ఉన్నారు. కానీ ఏది ఎంతకు పోయిందో ఇక్కడివాళ్ళకు కనిపించదు. వేలం సంస్థలు తమ కమీషన్ తీసుకుంటాయి, చిన్నవాటిని అసలు ముట్టుకోవు. ఏడాది తర్వాత అన్నయ్య నిజాయితీగా నాలుగు వందల డాలర్లు తెచ్చి చేతిలో పెట్టినా "ఇంతేనా?" అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. మూడో పద్ధతి, ఎక్కువ ఇళ్ళలో బాగానే పనిచేసేది: ఇత్తడివి, మామూలువి అమ్మగారితో మొదలుపెట్టి ఒక్కొక్కరూ ఒక్కోటి వరసగా తీసుకోవడం. టర్కాయిస్‌దీ, స్టెర్లింగ్ అని తేలినవీ మాత్రం అన్నయ్య ద్వారా అక్కడ చూపించి, అమ్మాలో ఉంచాలో తర్వాత నిర్ణయించుకోవడం. దీనికి సమయం పడుతుంది, బావగారికి ఓపిక చాలకపోవచ్చు. ఆయనకు నిజంగా డబ్బు అవసరమా, లేక మాట నెగ్గాలన్న పంతమా అన్నది మీకే తెలియాలి. అవసరమే అయితే, వెండివాటిలో అక్క వాటాకు వచ్చే తూకం డబ్బును మీరో అన్నయ్యో ముందే ఇచ్చి, ఆ బకిల్స్ కరగకుండా ఆపవచ్చు.

ఏ దారి పట్టినా జాబితా ముందు. ఒక్కోదానికి నంబరు, ముందూ వెనకా ఫోటో, బరువు, వెనక ఉన్న ప్రతి అక్షరం ఉన్నది ఉన్నట్టు. ఇంట్లో అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒకేసారి పెట్టండి, విడివిడిగా పంపకండి. ఒకరికి ముందు తెలిసిందన్న మాట కూడా రాకూడదు. డాలస్ పంపాల్సినవాటిని కొరియర్‌లో వేయకుండా, అన్నయ్య వచ్చినప్పుడు చేతికి ఇచ్చి, జాబితా మీద ఆయన సంతకం తీసుకోండి. నూరేళ్ళు దాటిన పురాతన వస్తువులను దేశం బయటికి పంపడానికి మన దగ్గర చట్టపరమైన ఆంక్షలున్నాయి. మీ డబ్బాలో నాకు కనిపించినవేవీ ఆ వయసువి కావు, వెల్స్ ఫార్గో బకిల్‌తో సహా.

టర్కాయిస్ బకిల్ వెనక వైపును పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, ఏటవాలుగా ఒకటి, నేరుగా ఒకటి ఫోటో తీసి పంపండి. ముద్ర చదవడానికి వీలైతే దాని గురించి విడిగా రాస్తాను.